నది దాటొచ్చిన అల్లుడుగారు

ఇందులో రాసిందంతా నిజం. నాకు ముప్ఫై ఏళ్లు అన్నం పెట్టిన సీటు బెల్టు పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. మా ఆవిడ దీపం ముందు చెయ్యమంది. దీపానికి నా సంగతి బాగా తెలుసు, ఎందుకొచ్చిన గొడవని బెల్టుతో సరిపెట్టాను.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు మా ఇంటికొచ్చి, "అంకుల్, నెక్స్ట్ వీక్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో కాన్ఫరెన్స్, అట్నుంచి అటే సింగపూర్" అని సిటీ బస్సెక్కినంత తేలిగ్గా చెబుతుంటారు. బాబూ, అమ్మాయీ, మీకోసమే ఇది. నేనూ ఒకసారి విదేశాల్లో అంతర్జాతీయ సదస్సుకు వెళ్లొచ్చాను. ఎనభై ఒకటో, ఎనభై రెండో. తిరుగు ప్రయాణం ముప్ఫై మైళ్లు.

నవ్వకండి. అప్పుడు నేను మిషిగన్‌లో ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాణ్ని. డెట్రాయిట్ ఊరి అంచున నది, నది మీద వంతెన, వంతెన దిగితే కెనడా. సదస్సు ఆ దిగిన చోటే ఒక హోటల్లో. కాని ఆహ్వాన పత్రం మీద 'అంతర్జాతీయ' అని అచ్చేశారు కదా! అంతకు ముందు ఆదివారం తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ భోజనాల్లో పులిహోర వడ్డించుకుంటూ, "వచ్చేవారం ఫారిన్ వెళ్తున్నాను" అని నలుగురికీ వినబడేట్టు అన్నాను. ఒకాయన ఏ ఎయిర్‌లైన్స్ అని అడిగాడు. ఇంకా ఖాయం కాలేదన్నాను.

కార్ల కంపెనీలకు సీట్లూ బెల్టులూ తయారుచేసి అమ్మే కంపెనీ మాది. నేను టెస్ట్ ల్యాబ్‌లో ఇంజనీర్ని. మా పని చెప్పడానికి చాలా తేలిక. మనిషంత బొమ్మని, అంటే డమ్మీని, సీట్లో కూర్చోబెట్టి, బెల్టు కట్టి, తీసుకెళ్లి గోడకి గుద్దించాలి. తరవాత దానికి ఎక్కడెక్కడ దెబ్బలు తగిలాయో రాసుకోవాలి. నూట అరవై పౌండ్ల పైచిలుకు బరువు, లోపల ఉక్కు ఎముకలు, పైన రబ్బరు చర్మం. కీళ్లన్నీ కొలత ప్రకారం బిగించి ఉంటాయి. డిక్కీలో మడిచి పెట్టడానికి వీల్లేదు. మనిషిని కూర్చోబెట్టినట్టే కూర్చోబెట్టాలి.

ల్యాబులో తెలుగువాళ్లం ముగ్గురం. మేం దాన్ని 'అల్లుడుగారు' అనేవాళ్లం. ఎప్పుడూ ముందు సీటే, ఒంటిమీద చెయ్యి వెయ్యాలంటే భయం, అడిగినదానికి సమాధానం చెప్పరు, మరి ఏమనాలి?

ముగ్గురిలో పెద్దాయన్ని మేం గురువుగారనేవాళ్లం. తెనాలి దగ్గరి మనిషి. స్టోరు తాళాలు, రిజిస్టర్లు, గేట్‌పాసులు అన్నీ ఆయన చేతిలో. రెండో అతను వరంగల్ నుంచి వచ్చినవాడు, నాకంటే ఏడాది చిన్న. తమ్ముడూ అనేవాణ్ని. తలుపు తీస్తే కిర్రుమనే పాత స్టేషన్ వాగన్ కారొకటి ఉండేది అతనికి.

ఇప్పుడు అసలు తప్పు చెబుతాను, అది నాదే. సదస్సులో నేను డమ్మీని చూపిస్తూ మాట్లాడాలి. ల్యాబు సామాను దేశం దాటాలంటే వైస్ ప్రెసిడెంట్ అనుమతి కావాలి, దానికి మూడు వారాల ముందే కాగితం పెట్టాలి. నాకు మూడు రోజుల ముందు గుర్తొచ్చింది. మా బాసు అమెరికన్, మంచివాడే గాని, కాగితం లేనిదే నవ్వను కూడా నవ్వడు. వెళ్లి గురువుగారి బల్ల ముందు నిలబడ్డాను.

"విదేశమా? అదేం విదేశమోయ్! మొన్న ఆదివారం మీ అక్కయ్యగారూ నేనూ వెళ్లి అక్కడ చైనా భోజనం చేసొచ్చాం. భోంచేసి తిరిగొచ్చిన చోటు విదేశమెట్టా అవుతుంది?" అంటూనే పాస్ మీద 'ఎక్కడికి' అన్నచోట 'లోకల్' అని రాసి, 'తిరిగి రాక' అన్నచోట 'శుక్రవారం సాయంత్రం అయిదు' అని రాసి, సంతకం పెట్టేశారు.

"అయిదంటే అయిదే అబ్బాయ్. ఆరోజు హెడ్డాఫీసు నుంచి మనిషొచ్చి సామానంతా సరిచూస్తాడు. ఏదన్నా కనబడకపోతే, పాస్ మీద సంతకం ఎవరిదో వాళ్ల పేరు రాసుకుపోతాడు."

పేరు రాసుకుపోవడమంటే ఏమిటో ఆ రోజుల్లో డెట్రాయిట్‌లో ఉన్నవాళ్లని అడగండి. కార్లు అమ్ముడుపోవడం లేదు. ప్రతి నెలా లే ఆఫ్ లిస్టు వచ్చేది. మా కంపెనీలో తరవాతి లిస్టు ఎవరో తయారుచేస్తున్నారని క్యాఫెటీరియాలో గుసగుసలు. గురువుగారికి నలభై ఆరేళ్లు, ఇద్దరు ఆడపిల్లలు, అప్పుడే కొన్న ఇల్లు. ఆ వయసులో, ఆ యాసలో, ఆ ఊళ్లో ఇంకో ఉద్యోగం దొరకడమంటే మాటలు కాదు. అదంతా తెలిసి కూడా పెన్ను తీయడానికి ఆయనకు అర నిమిషం పట్టలేదు.

బుధవారం పొద్దున సదస్సుకు బయల్దేరుతూ గురువుగారింటి గరాజ్‌లో ఆగాం. దసరా రోజులు. అక్కయ్యగారు హారతి పళ్లెంతో సిద్ధంగా ఉన్నారు.

"పండగపూట పనిముట్టుకి పూజ లేకుండా ఊరు దాటిస్తారా? బుద్ధుందా మీకు?" అని మమ్మల్నిద్దర్నీ చీవాట్లేసి, అల్లుడుగారి నుదుట రూపాయి కాసంత కుంకుమ బొట్టు పెట్టారు. చేతికి పసుపు తోరం కట్టారు. చెవి మీద బంతిపువ్వు. అలా ఒట్టి రబ్బరు ఒంటితో పరాయి దేశం పంపకూడదని గురువుగారి పాత సఫారీ సూటు తొడిగించారు. తలమీద గుప్పెడు అక్షింతలు పోశారు, అవి మెడ సందులోంచి జారి లోపలికెళ్లాయి. చివరికి కారు బంపరు కింద నిమ్మకాయా, ఏడు పచ్చిమిరపకాయలూ దండగా గుచ్చి కట్టారు.

"మాకేం లేదా అక్కయ్యగారూ?" అన్నాను.

"ఆయన క్షేమంగా వస్తే మీరూ వస్తార్లే" అన్నారావిడ.

వెళ్లేటప్పుడు కెనడా వాళ్లు రెండు ప్రశ్నలడిగి పొమ్మన్నారు. అది చూసి ప్రపంచమంతా మంచివాళ్లే అనుకున్నాం.

మూడు రోజుల సదస్సు గురించి చెప్పడానికేమీ లేదు, కాఫీ బాగుంది. శుక్రవారం, ఆఖరి రోజు, పదకొండింటికి నా వంతు. బెల్టు పొట్ట మీద కాదు, తుంటి ఎముక మీద కూర్చోవాలి అన్నది నా వాదన. అది చూపించడానికి అందరి ముందూ అల్లుడుగారి సఫారీ గుండీలు విప్పాను. విప్పగానే ఛాతీలోంచి పసుపు బియ్యం జలజలా వేదిక మీద రాలింది.

ముందు వరసలో యూరప్ నుంచి వచ్చిన ప్రొఫెసరొకాయన చెయ్యెత్తాడు.

"ఆ గింజలు దేన్ని కొలవడానికి?"

ఆశీర్వచనం అని చెబితే అర్థం కాదు. తెలియదంటే పరువు పోతుంది. "ఇంకా ప్రయోగ దశలో ఉంది. ఇప్పుడే బయటపెట్టలేం" అన్నాను. పదిహేను మంది నోటు పుస్తకాలు తీసి రాసుకున్నారు. ఒకాయన వంగి రెండు గింజలు ఏరుకుని కవర్లో వేసుకున్నాడు కూడా.

సభ ముగింపులో సర్టిఫికెట్లు పంచారు. నా బ్యాడ్జి గురువారమే ఎక్కడో పారేసుకున్నాను, బ్యాడ్జి లేనివాళ్లకి సర్టిఫికెట్ లేదన్నారు. అల్లుడుగారికి ఉంది. మొదటిరోజు చక్రాల కుర్చీలో తీసుకొస్తుంటే, రిజిస్ట్రేషన్ బల్ల దగ్గరి అమ్మాయి సరదాకి ఆయనకూ ఒకటి రాసి పిన్ను పెట్టింది. చైర్మన్ వేదిక దిగి వచ్చి ఆయన చేతిలో సర్టిఫికెట్ పెట్టి, కరచాలనం చేసి, ఫొటో దిగి వెళ్లాడు. చప్పట్లు.

"చూసినవా అన్నా? నువ్ మూడ్రోజులు ఒర్రినవ్, ఏమొచ్చింది? ఆయన నోరు మెదపకుంట సర్టిఫికెట్ కొట్టిండు" అన్నాడు తమ్ముడు.

ఒంటిగంటన్నరకు బయల్దేరాం. నలభై నిమిషాల దారి. అయిదింటిలోగా రెండుసార్లు వెళ్లి రావచ్చు. అల్లుడుగారు ముందు సీట్లో, తమ్ముడు స్టీరింగ్ దగ్గర, నేను వెనక.

వంతెన దిగగానే అమెరికా వైపు బూత్. లోపలున్న ఆఫీసరు తల బయటపెట్టాడు.

"ఎంతమంది?"

"ముగ్గురం" అన్నాడు తమ్ముడు. మూడురోజుల అలవాటు.

"సిటిజన్‌షిప్?"

"ఇండియా" అన్నాడు తమ్ముడు. "ఇండియా" అన్నాను నేను. ఇద్దరం గ్రీన్‌కార్డులు తీసిచ్చాం. ఆఫీసరు ముందు సీటు వైపు చూశాడు.

"ఆయన అమెరికన్" అన్నాను.

"ఆయన్నే చెప్పమనండి."

ఆఫీసరు బూత్ దిగి కారు చుట్టూ తిరిగి వచ్చి అద్దంలోంచి తొంగి చూశాడు. నుదుట ఎర్రగా మరక, చెవి మీద వాడిపోయిన పువ్వు, ఒళ్లో సర్టిఫికెట్.

"ముగ్గురిలో బెల్టు పెట్టుకున్నది ఈయనొక్కడే" అన్నాడు.

నిజమే. బెల్టుల సదస్సు నుంచి వస్తున్న ఇంజనీర్లం, ఇద్దరం పెట్టుకోలేదు. అప్పట్లో చట్టం లేదు, మాకు బుద్ధీ లేదు.

"పళ్లు, కూరగాయలు, మొక్కలు ఏమైనా తెస్తున్నారా?"

"ఏమీ లేవు సర్" అన్నాను ధైర్యంగా.

ఆయన కిందకు చూశాడు. బంపరుకి నిమ్మకాయ వేలాడుతోంది. కింద ఏడు మిరపకాయలు.

కారు పక్కన షెడ్‌లో పెట్టించారు. పళ్ల తనిఖీ చేసే ఆవిడ తెల్ల చేతిజోళ్లు తొడుక్కుని, చిన్న పట్టకారు పట్టుకుని వచ్చింది. ముప్ఫై మైళ్ల గాలికి, మూడు రోజుల ఎండకి నిమ్మకాయ ముడుచుకుపోయి ఉంది.

"ఇదేమిటి?"

"నిమ్మకాయండీ."

"మరి లేదన్నారు?"

"అంటే, తినడానికి కాదు."

"ఎందుకు మరి?"

"ప్రమాదాలు జరగకుండా."

ఆవిడ నా కంపెనీ కార్డు మీద ఉద్యోగం ఏమిటో చూసింది. వాహన భద్రతా ఇంజనీర్. మళ్లీ నిమ్మకాయ వైపు చూసింది.

"ఎక్కడ కొన్నారు?"

"డెట్రాయిట్‌లోనే. ఇక్కడిదే అమ్మా, బుధవారం వెళ్లి ఇవాళ వస్తోంది."

"వెళ్లేటప్పుడు ఇక్కడిదే. వచ్చేటప్పుడు కాదు" అంటూ పట్టకారుతో పట్టి సంచిలో వేసింది. మిరపకాయలు విడిగా లెక్కపెట్టి ఇంకో సంచిలో. నిమ్మకాయకే ఈ గతి పడితే ముందు సీటు సంగతేమిటని నాకప్పుడు మొదటిసారి అనుమానమొచ్చింది.

గడియారం రెండుంపావు. కళ్లద్దాల ఆఫీసరొకాయన, వయసు మళ్లినవాడు, ఒక ఫారం పట్టుకుని వచ్చి అల్లుడుగారి ముందు నిలబడ్డాడు.

"ఇది యంత్రమైతే బయటికి వెళ్లేటప్పుడు రాయించుకున్న కాగితం చూపించు."

"అది... లేదండి."

"మరి ఈ ఎర్ర బొట్టేమిటి? దారమేమిటి? పువ్వేమిటి?"

"పూజ చేశాం సర్. ఈ పండగ రోజుల్లో మేం పనిముట్లకి పూజ చేస్తాం."

ఆయన కళ్లద్దాలు సర్దుకున్నాడు. చదువుకున్న మనిషిలా ఉన్నాడు, కుతూహలం పుట్టింది. "అంటే ఇది మీ దేవుడా? సొంత పూజకి విగ్రహమైతే దానికి వేరే ఫారం ఉంది. అది తేలిక."

తమ్ముడు నా మోచెయ్యి గిల్లాడు. "అన్నా, దేవుడను. దేవుడంటే ఇడిసిపెడ్తడు."

"నోర్ముయ్. సోమవారం తీసుకెళ్లి గోడకి గుద్దిస్తాంరా. దేవుణ్ని గుద్దిస్తామా?"

"సోమారం సంగతి సోమారం జూద్దాం. అయిదింటికి గురువుగారి పని ఖతమైతది, అది జూడు ముందుగాల."

గురువుగారి మాట ఎత్తేసరికి నాలో ఉన్న కాస్త భయం భక్తీ ఎగిరిపోయాయి. "అవును సర్, మా దేవుడే" అన్నాను.

ఆ పెద్దమనిషి ఏం చేశాడో తెలుసా? టోపీ తీశాడు. నిజంగా. తీసి చంకలో పెట్టుకుని, ఇంకో ఇద్దరు ఆఫీసర్లని పిలిచి, "జాగ్రత్త, మర్యాదగా దించండి" అన్నాడు. ఇద్దరూ చెరో భుజం పట్టి పల్లకీ దించినట్టు దించి బల్ల మీద కూర్చోబెట్టారు. దారిపొడవునా అక్షింతలు రాలుతూనే ఉన్నాయి. పళ్ల తనిఖీ ఆవిడ వెనకాలే నడుస్తూ ఒక్కొక్కటీ పట్టకారుతో ఏరుతోంది. నాకైతే ఊరేగింపు చూస్తున్నట్టే ఉంది.

బల్ల మీద ఆయన కాస్త ముందుకు వాలారు. సఫారీ కోటు పైకి లేచింది. వీపు మీద ఇత్తడి రేకు. దాని మీద మా కంపెనీ పేరు, నంబరు, కింద 'ఈ ఆస్తి దొరికినవారు తిరిగి పంపవలెను' అని.

కళ్లద్దాలాయన రేకు మీది అక్షరాలు మెల్లగా చదివాడు. టోపీ మళ్లీ పెట్టుకున్నాడు.

"మీ దేవుడికి ఓనరున్నాడు" అన్నాడు.

కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. "చూడబ్బాయ్, ఇందులో నీకు శిక్షేం లేదు. మీ కంపెనీకి ఒక ఫోన్ చెయ్యి. మీ పైవాళ్లు ఎవరైనా 'ఇది మాదే, మేం పంపిందే' అని నాతో చెబితే పది నిమిషాల్లో వదిలేస్తాను. లేదంటే సోమవారం దాకా ఇక్కడే కూర్చుంటాడు" అని గోడకున్న పే ఫోన్ చూపించాడు.

చూశారా ఇరకాటం? ఫోన్ చేస్తే బాసు ఎత్తుతాడు. లోకల్ అని రాసిన పాస్ కెనడా దాటిందని తెలుస్తుంది, సంతకం గురువుగారిది. చెయ్యకపోతే అయిదింటికి హెడ్డాఫీసు మనిషి ఖాళీ కుర్చీ చూస్తాడు, అప్పుడూ సంతకం గురువుగారిదే. పోనీ ఆయనకే చేద్దామంటే స్టోరుకి వచ్చే ప్రతి ఫోనూ బాసు గది మీదుగానే కలుపుతారు.

"ఏం జేద్దామన్నా?" అన్నాడు తమ్ముడు. మొట్టమొదటిసారి అతని గొంతులో వేళాకోళం లేదు.

ఫోన్‌లో వెయ్యాల్సిన క్వార్టర్ నాణెం చేతిలో పట్టుకుని ఫోన్ ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. నాలుగు కావస్తోంది. సరిగ్గా అప్పుడు షెడ్ తలుపు తోసుకుని ఒక మనిషి వచ్చాడు. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, ఒంటికి చేపల వాసన, చేతిలో ఐస్ పెట్టె. కెనడా నుంచి తెచ్చిన చేపలు చూపించి రాయించుకోవడానికి వచ్చాడు.

మా బాసు.

ఆ పొద్దున ఆయన ఆఫీసుకి ఫోన్ చేసి జ్వరం, మంచం మీంచి లేవలేకపోతున్నానని చెప్పాడట. అది మాకు తరవాత తెలిసింది, కాని అక్కడే సగం అర్థమైంది. ఎందుకంటే నన్ను చూడగానే దగ్గాడు.

"ఒంట్లో ఎలా ఉంది సర్?" అన్నాను.

"డాక్టరు నీళ్ల దగ్గరి గాలి పీల్చమన్నాడు" అన్నాడు. అంటూనే బల్ల మీదున్న సఫారీ సూటు చూశాడు. తన ల్యాబు మనిషిని గుర్తుపట్టాడు. "ఇతనిక్కడ ఏం చేస్తున్నాడు?"

"ఆయనా గాలి పీల్చుకుందామనే వచ్చాడు సర్."

ముగ్గురం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. ఐస్ పెట్టెలో చేప ఒకటి ఇంకా ప్రాణం పోనట్టుంది, టపటపా కొట్టుకుంది. ఆ చప్పుడుకి బాసు ఒక నిర్ణయానికి వచ్చాడు. కళ్లద్దాలాయన దగ్గరికి వెళ్లి, తన కార్డు చూపించి, "ఇతను నాకు ఏడేళ్లుగా తెలుసు. మా దగ్గరే పని చేస్తాడు. నేనే పంపాను" అన్నాడు. ఎవరి గురించి అన్నాడో, నా గురించా, అల్లుడుగారి గురించా, నేనూ అడగలేదు, ఆఫీసరూ అడగలేదు. సంతకం పెట్టాడు.

బయటికొచ్చాక నా భుజం మీద చెయ్యేసి, "నేనిక్కడికి రాలేదు" అన్నాడు. "మేమూ రాలేదు సర్" అన్నాం. ఐస్ పెట్టె తెరిచి తమ్ముడికి ఒక చేప ఇచ్చాడు.

అయిదుకి పది నిమిషాలుందనగా ల్యాబు వెనక గేటు దగ్గర కారాపాం. గురువుగారు అక్కడే పచార్లు చేస్తున్నారు. మమ్మల్ని చూడగానే ముందు అల్లుడుగారి భుజం తడిమి చూసుకున్నారు.

"ఏంటోయ్ చేపల కంపు?"

"పెద్ద కథ గురువుగారూ. ముందు సఫారీ విప్పండి."

కుర్చీలో కూర్చోబెట్టి వెనక్కి తిరిగేసరికి హెడ్డాఫీసు మనిషి ఫైలుతో ప్రత్యక్షం. డమ్మీ, ఒకటి, ఉంది, అని టిక్కు పెట్టుకుంటూ ఆగాడు.

"నుదుటి మీద ఈ ఎర్ర గుర్తేమిటి?"

బొట్టు తుడవడం మరిచిపోయాం.

"తల ఎటు తిరిగిందో కెమెరాకి తెలియాలి కదండీ, దానికి పెట్టాం" అన్నారు గురువుగారు, కనురెప్ప కొట్టకుండా.

ఆయన మెచ్చుకోలుగా తలూపి, మిగిలిన ల్యాబులోని డమ్మీలకీ అలాగే పెట్టించమని ఫైల్లో రాసుకుని పోయాడు. ఇవాళ మీరు టీవీలో చూస్తారే, గోడని గుద్దే బొమ్మల మొహాల మీద గుండ్రటి గుర్తులు, అవి ఎక్కడి నుంచి వచ్చాయని నన్నడిగితే మాత్రం అక్కయ్యగారి కుంకుమ భరిణ వైపే చూపిస్తాను.

ఇక బెల్టు మీద చేసిన ప్రమాణం సంగతి. పైన రాసినదాంట్లో నేను కల్పించింది ఒకటి ఉంది. నిమ్మకాయ నిజం. పట్టకారు నిజం. ఆ పెద్దమనిషి టోపీ తియ్యడం, మళ్లీ పెట్టుకోవడం నిజం. సర్టిఫికెట్ ఇప్పటికీ తమ్ముడి దగ్గరే ఉంది. టీవీలో కనిపించే గుర్తుల మాట అతిశయోక్తి, అది మీకూ తెలుసు.

కల్పించింది బాసు రాకని.

ఆ రోజు బాసు ఎక్కడికీ వెళ్లలేదు, ఆఫీసులోనే ఉన్నాడు. నేను ఫోన్ ముందు ఎంతోసేపేమీ నిలబడలేదు, రెండు నిమిషాలు. క్వార్టర్ వేశాను. బాసు ఎత్తాడు. విషయం విని, పాస్ ఎవరిచ్చారని అడిగాడు. 'నేను ఆలస్యం చేశాను, నేనే బతిమాలాను' అని చెప్పొచ్చు. చెప్పాలని నోరు తెరిచాను కూడా. నాకూ కొత్త ఇల్లు, కడుపుతో ఉన్న భార్య, ఆ లిస్టు భయం. గురువుగారి పేరు చెప్పాను. బాసుకి సరిగ్గా వినబడలేదు. అక్షరం అక్షరం విడదీసి మళ్లీ చెప్పాను. మన పేర్లు పొడుగు కదా, కాస్త టైము పట్టింది. తమ్ముడు షెడ్ బయటికి వెళ్లి నిలబడ్డాడు.

బాసు ఆఫీసరుతో మాట్లాడాక, ఆయన చెప్పినట్టే పది నిమిషాల్లో వదిలేశారు. మూడున్నరకల్లా ల్యాబులో ఉన్నాం.

రెండు వారాలకు లిస్టు వచ్చింది. అందులో గురువుగారి పేరుంది, నాది లేదు. అది ఆ పాస్ వల్లో, వయసు వల్లో, ఇంకెందువల్లో ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు. ఆయన ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చున్నారు. అక్కయ్యగారు బట్టల కొట్లో క్యాషియరుగా చేరారు. తరవాత వర్జీనియాలో పని దొరికి వెళ్లిపోయారు. ఇప్పుడు అక్కడే షాంటిలీలో, పెద్దమ్మాయి ఇంటికి రెండు వీధుల అవతల ఉంటున్నారు. ఫోన్‌లో నేనేం చెప్పానో ఆయనకు తెలుసు. బాసు ఆ సాయంత్రమే ఆయన్ని గదిలోకి పిలిచాడు, నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. బయటికొచ్చి, "భోంచేశావా?" అని మాత్రం అడిగారు.

ఏటా ఒకసారి మేం వాళ్లింటికి వెళ్తాం. పిల్లలు, మనవలు చేరతారు. ఎవరో ఒకరు, "అంకుల్, డమ్మీ స్టోరీ" అంటారు. చేపల బాసుతో కథ కట్టింది మొదట అక్కడే, ఆయన ఎదురుగానే. పిల్లల ముందు ఆ ఫోన్ సంగతి చెప్పడానికి నోరు రాక, అప్పటికప్పుడు బాసుకి రబ్బరు బూట్లు తొడిగి లోపలికి తోసుకొచ్చాను. అందరూ విరగబడి నవ్వారు. నేను గురువుగారి వైపు చూడలేకపోయాను.

ఆయన సోఫాలో కాస్త ముందుకు జరిగి, "ఏమోయ్, బాసు చంకలో గొడుగు సంగతి చెప్పవేం? గొడుగు లేకపోతే ఎవరు నమ్ముతారు?" అన్నారు.

అప్పటి నుంచి ఎక్కడ చెప్పినా గొడుగుతోనే చెబుతాను. ఇక్కడ మాత్రం ఎందుకో రాయబుద్ధి కాలేదు.